అడిగితే చెప్తా: ఈసారి అన్నీ ఎంబీఏ పిల్లల గోడులే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో (ఉత్తరాలు అంటున్నా గానీ అన్నీ మెయిళ్ళూ వాట్సాప్ మెసేజీలే, ఒక్కటి మాత్రం నిజంగా ఇన్‌లాండ్ కవర్‌లో వచ్చింది, దాని సంగతి చివర్లో) సగానికి పైగా ఎంబీఏ చదివే పిల్లలవే. సెమిస్టర్ మధ్యలో ఉన్నట్టున్నారు, అందరూ ఒకేసారి మునుగుతున్నారు. నేనూ ఒకప్పుడు ఆ నీళ్ళలో మునిగినదాన్నే కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేశా. పెళ్ళి సంబంధాల వాళ్ళు, అత్తగారి గొడవల వాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి మరి.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో యూనివర్సిటీలో ఎంబీఏ ఫస్ట్ ఇయర్, సెకండ్ సెమ్. ఇల్లు ఘట్‌కేసర్ అవతల. పొద్దున ఏడుంబావుకి బస్సెక్కితే తొమ్మిదిన్నర క్లాసుకి అందుకుంటా. మూడున్నరకి క్లాసులైపోతే కాచిగూడలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పార్ట్‌టైమ్, ట్యాలీలో (పద్దుల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు కొట్టాలి, నాలుగున్నర నుంచి ఏడున్నర. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. అప్పుడు తిని అసైన్‌మెంట్ మొదలుపెడితే పన్నెండవుతుంది. అటెండెన్స్ 70 లోపే ఉంది. ఉద్యోగం మానేద్దామంటే ఆ ఎనిమిది వేలూ ఇంట్లో చీటీకి పోతున్నాయి. టైమ్ మేనేజ్‌మెంట్ వీడియోలు చూసి నాలుగింటికి లేచా, బస్సులో నిద్రపోయి నా స్టాప్ దాటి ఎక్కడో తేలా. ఇంకా కాలేజీలో మార్కెటింగ్ క్లబ్‌లో కూడా ఉన్నా. ఏం చెయ్యమంటావ్?

జవాబు: ముందు నాలుగింటికి లేవడం ఆపెయ్. పన్నెండింటికి పడుకునే పిల్లని నాలుగింటికి లేవమనే ఆ వీడియోలాయనకి వాళ్ళింట్లో వంట ఎవరు చేస్తున్నారో, గిన్నెలు ఎవరు కడుగుతున్నారో ఎవరైనా కనుక్కుని నాకు చెప్పండి ప్లీజ్.

నీ మెసేజ్ చదివి కాగితం మీద లెక్కేశా. ఇంట్లోంచి బయట ఉండేది పద్నాలుగ్గంటలు పైనే, అందులో క్లాసులు ఆరు, ఆఫీసు మూడు, మిగతా ఐదుకి పైగా గంటలు రోడ్డు మీదే పోతున్నాయి తల్లీ. నీకు బద్ధకం లేదు, క్రమశిక్షణ లేకపోవడమూ కాదు, ఆ మాట ఎవరన్నా నమ్మకు.

నేను ఎంబీఏ చేసేటప్పుడు సాయంత్రాలు బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో పద్దులు రాసేదాన్ని. సేఠ్‌కి ఏడాది చివర లాభం బాగానే తేలేది, కానీ ప్రతి దసరా ముందూ చేతిలో డబ్బు ఆడక వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకునేవాడు. నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు, లాభం ఉన్నోడికి ఈ తిప్పలేంటి అని. తర్వాత బాకీల పుస్తకం చూస్తే తెలిసింది, కొన్న సరుకుకి పదిహేను రోజుల్లో కట్టాలి, అమ్మిన సరుకు డబ్బు మాత్రం రెండు నెలలకి గానీ రాదు. వచ్చే రోజుకీ ఇచ్చే రోజుకీ పొత్తు కుదరట్లేదు, అంతే. మీ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్లో వర్కింగ్ క్యాపిటల్ అని ఒక యూనిట్ ఉంటుంది చూడు, అది ఇదే. నీ కేసూ ఇదే. నెల మొత్తం మీద చూస్తే నీకు టైమ్ ఉంది, కావాల్సిన రోజున లేదు.

కాబట్టి ఒక్క వారం చిట్టా రాయి. చిట్టా అంటే తెలుసుగా, ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసేది, ఆవర్జా అంటే తర్వాత దాన్ని ఖాతాల వారీగా ఎక్కించేది. పిల్లలందరూ చిట్టా లేకుండా డైరెక్ట్‌గా ఆవర్జాతో మొదలుపెడతారు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటిస్తారు, మూడో రోజుకి అది క్యాలెండర్ వెనక్కి పోతుంది. నువ్వు ఫోన్‌లో నోట్స్ తీసి ఊరికే రాసుకో, 7:15 బస్సు, సీటు లేదు, 8:00 ఉప్పల్, సీటు దొరికింది, ఇలా. వారం అయ్యాక చూస్తే నీకే కొన్ని కనపడతాయి, ఉదాహరణకి ఉప్పల్ దగ్గర రోజూ సీటు దొరుకుతోందా, దొరికితే అక్కడ్నుంచి తార్నాక దాకా ఓ అరగంట కూర్చునే టైమ్ ఉన్నట్టు. 2023 డిసెంబర్ నుంచి మనకి జీరో టికెట్ వచ్చాక బస్సులో డబ్బులు మిగిలాయి గానీ సీట్లు మిగల్లేదు అని నాకూ తెలుసు, అందుకే నిలబడి పుస్తకం చదవమని చెప్పను. ఆర్గనైజేషనల్ బిహేవియర్, హెచ్‌ఆర్ లాంటి థియరీ పేపర్లు నీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేసి విను, తెలుగూ ఇంగ్లీషూ కలిపి ఎలా నోటికొస్తే అలా. అకౌంట్సు, స్టాటిస్టిక్సు మాత్రం బస్సులో వద్దు, అవి చెయ్యి కదిలితేనే వచ్చేవి, లంచ్‌లో ఒక ఫ్రెండ్‌తో కూర్చుని రోజుకి రెండు ప్రాబ్లమ్స్ చాలు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాయలేదు గానీ నేను చెప్తా చూడు, మీ ఆఫీసులో నెలంతా ఒకేలా పని ఉండదు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే వాళ్ళ జీఎస్టీఆర్ 1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, త్రీబీ (పన్ను లెక్క తేల్చి కట్టేది) గడువు 20. అంటే 8 నుంచి 11 దాకా, 17 నుంచి 20 దాకా మీ సార్ కుర్చీలో కూర్చోడు, క్లయింట్లకి ఫోన్లు చేసి బిల్లులు పంపండి బాబూ అని మొత్తుకుంటుంటాడు. మిగతా రోజుల్లో మీరు టీ తాగుతూ పాత ఎంట్రీలు సరిచూసుకుంటుంటారు, అవునా కాదా? ఆయన దగ్గరికి వెళ్ళి గంటలు తగ్గించమని అడక్కు, ఏ ఓనరూ ఒప్పుకోడు. క్యాలెండర్ పట్టుకెళ్ళి, సార్ ఈ ఎనిమిది రోజులూ గంట ఎక్కువ ఉంటా, ఆదివారం రమ్మన్నా వస్తా, బదులుగా 22 తర్వాత ఓ వారం, ఇంటర్నల్స్ వారం నన్ను వదిలెయ్యండి, కొన్ని ఎంట్రీలు ఇంటి నుంచి చేసి పంపిస్తా అని అడుగు. ఆయనకి నీ అవసరం ఎప్పుడుందో నీకు తెలుసని అర్థమైతే సగం ఒప్పుకున్నట్టే. నేను సేఠ్‌ని ఇలాగే అడిగా, ఆయన మొదట ముఖం అదోలా పెట్టి తర్వాత, దీపావళికి ముందు రెండు వారాలు నువ్వు కదలకపోతే చాలు అన్నాడు.

అటెండెన్స్ గురించి. చాలా యూనివర్సిటీల్లో 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపించి ఫీజు కట్టి కండోనేషన్ (మినహాయింపు) తెచ్చుకోవచ్చు, 65 కింద పడితే మాత్రం సెమిస్టరే పోతుంది. మీ కాలేజీ రూలు ఆఫీసులో అడిగి రాయించుకో, సీనియర్లు చెప్పింది నమ్మకు. లెక్క ఎలా వేస్తారంటే, సెమిస్టర్‌కి 90 రోజుల క్లాసులనుకో, 60 అయిపోయాయి, నువ్వు 41 వెళ్ళావ్ (68 శాతం), మిగిలిన 30లో 27 వెళ్తే మొత్తం 68, అంటే 75 దాటతావ్. మూడు రోజులు మానొచ్చు. ఆ మూడూ ఎప్పుడు వాడుకోవాలో 20వ తేదీ చూసుకుని నువ్వే డిసైడ్ చేసుకో, జ్వరానికి ఒకటి దాచుకుని.

మార్కెటింగ్ క్లబ్ మానెయ్. రెజ్యూమేలో క్లబ్ మెంబర్ అని రాసినదానికంటే, రెండేళ్ళు జీఎస్టీ రిటర్న్ పని చేశా అన్నది బరువు. నీకు ఆ పని చిన్నగా అనిపిస్తుందేమో గానీ మీ క్లాసులో సగం మందికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మినప్పుడు కట్టేదాంట్లోంచి తగ్గించుకోవడం) అంటే డెఫినిషన్ తెలుసు, నీకు బిల్లు చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: గ్రూప్ ప్రాజెక్టులో ఐదుగురం. పీపీటీ నేనొక్కదాన్నే రాత్రి రెండింటిదాకా కూర్చుని చేస్తా, ఫస్ట్ స్లైడ్‌లో మాత్రం ఐదు పేర్లు. అడిగితే గ్రూప్‌లో థంబ్స్ అప్ పెడతారు. లెక్చరర్‌కి చెప్తే చాడీలు చెప్పినట్టు ఉంటుంది. (విజయవాడ)

జవాబు: చెప్పకు. స్లైడ్లు ఎవరు చేస్తారో పంచడం మానేసి, ఎవరు ఏ స్లైడ్ మాట్లాడతారో ముందే పంచి గ్రూప్‌లో పెట్టెయ్, డేట్‌తో సహా. మాట్లాడాల్సింది తనే అని తెలిస్తే మనిషి తన రెండు స్లైడ్లు తనే చేసుకుంటాడు, స్టేజి మీద నోరు తడారిపోవడం ఎవరికిష్టం. అయినా కదలని వాడు ఒకడుంటాడు, ప్రతి గ్రూపులో ఉంటాడు, వాడికి చివర్లో క్వశ్చన్స్ తీసుకునే పని ఇవ్వండి.

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. నాన్నకి టిఫిన్ సెంటరుంది. నేను వైజాగ్‌లో ఎంబీఏ సెకండ్ సెమ్. మొన్న సెలవలకి వెళ్తే నాన్న అడిగారు, ప్లేటు ఇడ్లీ ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు చేద్దామనుకుంటున్నా, చేస్తే జనం తగ్గుతారేమో, నువ్వు ఎంబీఏ కదా చెప్పరా అని. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఎలాస్టిసిటీ (ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్నది) గురించి ఏదో చెప్పబోయా, ఆయన పిండి కలుపుకుంటూ ఊఁ అన్నారు. చాలా సిగ్గేసింది. రెండు లక్షలు పెట్టి ఏం చదువుతున్నట్టు నేను?

జవాబు: ఈ నెల మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే బాబూ. సిగ్గుపడకు, మీ నాన్నగారు నిన్ను ఆటపట్టించడానికి అడగలేదు, నిజంగానే అడిగారు, అది చాలా పెద్ద విషయం. కూర్చుని లెక్కేద్దాం. అంకెలు నేను ఊహించి వేస్తున్నా, మీవి పెట్టుకుని మళ్ళీ చెయ్యి.

అమ్మినా అమ్మకపోయినా నెలకి పోయే ఖర్చు ముందు తీసుకో. కొట్టు అద్దె 12,000, మాస్టర్ జీతం 18,000, గిన్నెలూ బల్లలూ చూసే మనిషి 10,000, కరెంటూ నీళ్ళూ ఒక 5,000. మొత్తం 45,000. ఇది ఫిక్స్‌డ్. ఇక ఒక ప్లేటుకి పోయేది, మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, పల్లీ చట్నీ, అల్లం చట్నీ, కారప్పొడి మీద నెయ్యి, గ్యాసు, పార్సిలైతే కవర్లు, అన్నీ కలిపి 16 అనుకుందాం. ముప్ఫైకి అమ్మితే ప్లేటుకి 14 మిగుల్తుంది. దీన్నే మీ పుస్తకంలో కాంట్రిబ్యూషన్ అంటారు. 45,000ని 14తో భాగిస్తే 3,214 ప్లేట్లు, రోజుకి 107. అంటే పొద్దున 107వ ప్లేటు దాకా మీ నాన్న అద్దె తీసుకునే ఓనర్ కోసమూ మాస్టర్ కోసమూ పనిచేస్తున్నట్టు, 108వ ప్లేటు నుంచి మీ ఇంటి కోసం.

ఇప్పుడు రోజుకి 150 అమ్ముతున్నారనుకో. నెలకి 4,500 ప్లేట్లు, పద్నాలుగు చొప్పున 63,000, ఖర్చు పోగా 18,000. ముప్ఫై ఐదు చేస్తే ప్లేటుకి 19 మిగుల్తుంది. అదే 18,000 రావాలంటే 63,000ని 19తో భాగించు, నెలకి 3,316, రోజుకి 111 చాలు. అంటే 150లో 39 మంది మానేసినా మీ నాన్నకి పైసా నష్టం లేదు, పిండి రుబ్బే పని కూడా తగ్గుతుంది. ప్రశ్న ఇప్పుడు మారింది చూశావా, జనం తగ్గుతారా అని కాదు, 39 మంది కంటే ఎక్కువ తగ్గుతారా అని. ఈ ప్రశ్నకి జవాబు నీ దగ్గర లేదు, నా దగ్గర లేదు, ఆయన దగ్గర ఉంది. ఎవరు రోజూ వస్తారో, ఎవరు పక్క బండి మూసేసిన రోజే వస్తారో ఆయనకి మొహాలతో సహా తెలుసు.

ఒక్క మెలిక ఉంది, దాన్ని నువ్వు చెప్పాలి ఆయనకి. ఇడ్లీ మానేసినవాడు ఇడ్లీ ఒక్కటే మానడు, వాడితోపాటు గారె, టీ, ఆదివారం ఇంటికి కట్టించుకెళ్ళే నాలుగు పార్సిళ్ళు కూడా పోతాయి. కాబట్టి ఆ 39ని 25 అనుకుని జాగ్రత్తపడటం మంచిది. రెండోది, ధర పెంచకుండా చట్నీ గరిటె చిన్నది చేసే వాళ్ళుంటారు, అది మాత్రం వద్దని చెప్పు. ఐదు రూపాయలు పెంచితే రెండ్రోజులు గొణిగి మర్చిపోతారు గానీ రెండోసారి చట్నీ అడిగితే మొహం చిట్లించిన కొట్టుని ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు మనవాళ్ళు.

ఈ లెక్కని పీపీటీ చెయ్యకు, పాత బిల్లు వెనకాల పెన్నుతో వేసి చూపించు, తెల్లారి పదకొండు దాటాక, కొట్లో రద్దీ తగ్గి ఆయన కూర్చుని తన టీ తను తాగేటప్పుడు. ఎలాస్టిసిటీ అనే మాట ఎత్తకు. ఇంకో పని చెయ్యి, ప్రతి దుకాణానికీ ఇలాంటి ఒక లెక్క ఉంటుంది కాబట్టి, నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏదో పెద్ద కంపెనీ గురించి ఇంటర్నెట్‌లో దొరికిన రిపోర్టు దించెయ్యకుండా మీ వీధిలో పది టిఫిన్ సెంటర్ల మీద చెయ్యి. వైవాలో ఒక్కడు కూడా నిన్ను ఆపలేడు.

ప్రశ్న: మేడమ్ నాది ఆదిలాబాద్ జిల్లా, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు వరంగల్‌ల ఎంబీఏ. సార్ చెప్పేది సగం సమజైతది, సగం గాదు. సెమినార్ అంటె చాలు కడుపుల తిప్పుతది. మంచిగ ఇంగ్లీష్ మాట్లాడెటోళ్ళ నడుమ కూసుంటె నేనే తక్కువోన్ని అన్నట్టు అయితది. ఎట్ల జేయాలె?

జవాబు: తమ్ముడూ, నీకు రెండు కష్టాలు కలిసిపోయి ఒకటిలా కనపడుతున్నాయి. ఒకటి సబ్జెక్టు, ఒకటి భాష. సబ్జెక్టు ముందు నీ భాషలో తెచ్చుకో. అందరూ ఇంగ్లీషులో బట్టీ పట్టే మాటలు మీ ఊళ్ళో రోజూ జరిగేవే.

సంక్ కాస్ట్ అని ఒకటుంది. పొలంలో బోరు వేస్తారు, మూడొందల అడుగులు పోయినా చుక్క నీళ్ళు పడవు, ఇంత ఖర్చు పెట్టినం గదా ఇంకో వంద అడుగులు పోదాం అంటారు. ఆ పోయిన మూడొందల అడుగుల డబ్బు సంక్ కాస్ట్, అది ఎలాగూ తిరిగి రాదు, ముందు వంద అడుగులకి నీళ్ళు పడే ఛాన్స్ ఎంత అన్నదొక్కటే చూడాలి. లిక్విడిటీ అంటే, రెండెకరాలు ఉన్న రైతుకి కూడా రాత్రికి రాత్రి ఆస్పత్రిలో కట్టాలంటే చేతిలో పదివేలు ఉండవు చూడు, ఆస్తి ఉంది, లిక్విడిటీ లేదు. గుడ్‌విల్ అంటే కొట్టు అమ్మేటప్పుడు ర్యాకులకీ సరుకుకీ కట్టిన ధర పోగా ఆ పేరుకి పైన ఇచ్చే డబ్బు. ఇలా ఒక నోట్‌బుక్‌లో ఒక పక్క మాట, ఇంకో పక్క మీ ఊరి సంగతి రాసుకుంటూ పో, యాభై మాటలయ్యేసరికి సార్ చెప్పేదాంట్లో సగం కాదు ముప్పావు వంతు ఎక్కుతుంది.

తర్వాత సెమినార్. ఆ బోరు కథ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకో, ఒక్కో వాక్యం ఏడెనిమిది మాటలు దాటకూడదు, కామాలు లేకుండా. రూమ్మేట్ ముందు రెండుసార్లు చెప్పు. అది చెప్తుంటే క్లాసంతా తలెత్తి వింటుంది, ఎందుకంటే మిగతా అందరూ స్లైడ్ మీద ఉన్నదే చదువుతారు, చదివే గొంతుకీ చెప్పే గొంతుకీ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. గ్రామర్ తప్పులు వస్తాయి, రానీ. ఒక్కటి మాత్రం నా కోసం మానెయ్, మొదట్లో మైసెల్ఫ్ అని మొదలుపెట్టి పేరు చెప్పకు, ఐ యామ్ అను చాలు. నేనూ మూడు ఇంటర్వ్యూల్లో మైసెల్ఫ్ అనే చెప్పా, నాలుగో దాంట్లో ఒకావిడ నవ్వి సరిచేసింది, ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

డబ్బులు పెట్టి స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో చేరకు ఇప్పుడే. ప్రభుత్వం వాళ్ళ స్వయం పోర్టల్‌లో మేనేజ్‌మెంట్ కోర్సులు ఫ్రీగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. క్లాసులో అర్థం కాని టాపిక్ అక్కడ ఆపి ఆపి విను, క్లాసులో సార్‌ని ఆపలేవు, అక్కడ ఆపొచ్చు.

ప్రశ్న: ఎంబీఏకి ముందు ఏడాది ఉద్యోగం చేశా, అప్పుడు క్రెడిట్ కార్డ్ తీసుకున్నా. ఇప్పుడు జీతం లేదు. ఫోన్ ఈఎంఐ, హాస్టల్ అడ్వాన్సు, స్విగ్గీ, రాపిడో అన్నీ కలిసి 18,000 బాకీ. నెలనెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సింది) 900 కడుతున్నా కాబట్టి ప్రాబ్లమ్ లేదు కదా? ఫైనాన్స్ స్పెషలైజేషన్ చేద్దామనుకుంటున్నా. (హైదరాబాద్)

జవాబు: ఫైనాన్స్ స్పెషలైజేషన్ అన్నావు కాబట్టి నీ స్టేట్‌మెంట్ మీదే పరీక్ష పెడుతున్నా. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకో, చాలా కార్డులకి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 18,000 మీద 630. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది 113. మొత్తం 743. నువ్వు కట్టింది 900. అంటే అసలులో తగ్గింది 157 రూపాయలు, ఒక బిర్యానీ పార్సిల్ కూడా రాదు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా గీకినదానికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. మినిమమ్ డ్యూ కడితే లేట్ ఫీజు పడదు, సిబిల్‌లో (మన అప్పుల రికార్డు) ఎగ్గొట్టినట్టు రాయరు, అంతవరకే దాని ఉపయోగం.

కార్డు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆపేసే ఆప్షన్ ఉంటుంది, ఇది చదవగానే ఆపెయ్. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమను, వడ్డీ సగానికి సగం తగ్గొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడుగు. ఇంట్లో చెప్పగలిగితే ఇంకా మంచిది, నాన్న ఓ పూట తిడతారు, తిట్టుకి వడ్డీ ఉండదు. ఇంకో యాప్‌లో లోన్ తీసుకుని దీన్ని తీరుద్దామన్న ఆలోచన వస్తుంది, వస్తే ఫోన్ పక్కన పెట్టి కాసేపు బయట తిరిగి రా.

ప్రశ్న: (ఇన్‌లాండ్ కవర్ ఇదే. నిజామాబాద్ నుంచి, నీలం ఇంకు, గుండ్రటి చేతిరాత.) అమ్మా, మా అబ్బాయి హైదరాబాదులో ఎంబీఏ చదువుతున్నాడు. ముందు రోజూ ఫోన్ చేసేవాడు. ఇప్పుడు వారానికి ఒకసారి, అది కూడా రెండు నిమిషాలు, బిజీ అమ్మా అంటాడు. తిన్నావా అంటే తిన్నా అంటాడు, పెట్టేస్తాడు. అంత బిజీ ఏముంటుంది? వాడి మీద నాకేం అనుమానం లేదు. ఊరికే అడుగుతున్నాను.

జవాబు: వదినగారూ, పైన ఉన్న ఉత్తరాలు ఒకసారి చదవండి, మీవాడి రోజు ఎలా ఉంటుందో తెలుస్తుంది, అబద్ధం చెప్పట్లేదు వాడు. కాకపోతే తిన్నావా అని అడక్కండి, ఆ ప్రశ్నకి ఒకటే జవాబు, తినకపోయినా తిన్నా అనే చెప్తాడు. ఆదివారం పొద్దున పది తర్వాత మీరే చేసి, గోంగూర పంపనా మామిడికాయ పంపనా, కారం ఎంత వెయ్యను అని అడగండి. మా అమ్మ నా హాస్టల్‌కి ఆర్టీసీ కార్గోలో సీసా మూతకి గుడ్డ కట్టి మరీ పంపేది, దాన్ని తెచ్చుకోవడానికి బస్టాండ్‌కి వెళ్ళినప్పుడు అక్కడ నిలబడే అరగంట ఫోన్ మాట్లాడేదాన్ని, వచ్చిందా, నూనె కారిందా, గుడ్డ ఎర్రగా అయిందా అని ఆవిడ, కాస్త కారిందమ్మా, చొక్కాకి అంటింది అని నేను.